డెల్టా తుపాకి, నల్లమల కణితి

తెలుగు నేల మీది జింకజాతి జంతువుల్లో అన్నిటికన్నా పెద్దది కణితి. కొన్నిచోట్ల కణుజు అంటారు, మరికొన్నిచోట్ల కడితి. అడవి శాఖ కాగితాల్లో మాత్రం ఇది సాంబర్. ఎదిగిన పోతు భుజం దగ్గర ఐదడుగుల ఎత్తు దాకా ఉంటుంది, బరువు 225 నుంచి 320 కిలోల మధ్య తూగుతుంది. చుక్కల దుప్పి దీని పక్కన నిలబడితే దూడలా కనిపిస్తుంది. 19వ శతాబ్దపు ఇంగ్లిషు వేటగాళ్లు ఈ కణితినే ‘ఎల్క్’ అని రాసుకున్నారు. అసలు ఎల్క్ ఐరోపా ఉత్తరాన ఉండే మృగం, మన దేశంలో ఎన్నడూ లేదు. వాళ్లలో చాలామంది ఆ ఎల్క్‌ను కళ్లతో చూసినవాళ్లు కారు. ఎదురైన జింకల్లో పెద్దదానికి, తమ భాషలో పెద్ద జింకకు ఉన్న పేరు తగిలించారు, అంతే. అమెరికాకు వలసపోయిన వాళ్ల బంధువులు కూడా సరిగ్గా ఇదే పని చేసి, అక్కడి వాపిటి జింకను ఎల్క్ చేశారు. సింహళంలో శామ్యూల్ బేకర్ 1850లలో రాసిన వేట పుస్తకం నిండా ఎల్కులే. అవన్నీ కణితులు. మద్రాసు రాజధాని వేట రాతల్లోనూ ఆ పేరు కనిపిస్తే కణితి అని చదువుకోవాలి.

పేరు తప్పే అయినా పోలిక పూర్తిగా తప్పు కాదు. కణితి వేట కూడా చిక్కటి కొండ అడవిలో జరిగేదే. దుప్పి మందగా మైదానంలోకి వచ్చి మేస్తుంది, కృష్ణజింక బయలులోనే బతుకుతుంది. కణితి అలా కాదు. రాత్రంతా మేసి, తెల్లవారేసరికి కొండవాలు ఎక్కి, వెదురు పొదల నీడలోనో లోయ మడతలోనో పడుకుంటుంది. ఒంటరిగానో, రెండు మూడు కలిసో ఉంటుంది. ఒంటి రంగు మోడు రంగు. కదలకుండా నిలబడితే ఇరవై గజాల్లో ఉన్నా చెట్టు మొదలే అనిపిస్తుంది. ముక్కు, చెవి చాలా చురుకైనవి. అనుమానం వస్తే ముందుకాలితో నేలను తన్ని, తోక పైకెత్తి, ‘ఢోంక్’ అని గంట మోగినట్టు అరుస్తుంది. దుప్పి ఊరికే అరిచినా అరుస్తుంది గానీ కణితి అరిస్తే పులి దగ్గర్లో ఉన్నట్టేనని అడవి తెలిసినవాళ్ల లెక్క.

కృష్ణా డెల్టాలో ఈ జంతువుకు చోటు లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువలు పారినంత మేరా వరి పొలమైంది. చల్లపల్లి ఆ పొలాల నడుమ ఉన్న ఊరు, దేవరకోట జమీందారీకి ముఖ్యస్థానం. యార్లగడ్డ వారి కోట ఇక్కడే ఉంది. ఈ ఎస్టేటుకు లంకలు, మెరక పొలాలు, సముద్రం వైపు మడ అడవులు ఉన్నాయి గానీ కొండ లేదు. అందుకే డెల్టాలో వేట అంటే పిట్టల వేట, పందుల వేట. చలికాలంలో కొల్లేటి మీద పరజలు దిగితే తాటిదోనెల్లో వెళ్లి చిన్న గుళ్ల తుపాకితో కొట్టేవాళ్లు. లంకల్లో నక్కలూ పందులూ ఉండేవి. పొలాల్లో ఎలకలు పట్టే యానాదులు, వలలు, ఉచ్చులు వేసే నక్కలవాళ్లు ఏ లైసెన్సూ అక్కర్లేకుండా తరతరాలుగా తమ వేట తాము సాగించుకున్నారు. ఎగువన మైలవరం, నూజివీడు జమీందారీల్లో చిట్టడవులు, కొండలు ఉండబట్టి అక్కడి వేట కొంచెం పెద్దది. చల్లపల్లి పేరు చరిత్రలో ఎక్కువగా వినిపించేది మాత్రం భూముల పోరాటాల్లో, వేటలో కాదు.

అడవి లేకపోయినా డెల్టాకు తుపాకి మాత్రం తొందరగానే వచ్చింది. చల్లపల్లికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోని బందరులో 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు వర్తకానికి దిగారు. అంతకుముందే గోల్కొండ సైన్యాల చేతుల్లో తుపాకులున్నాయి. తెలుగులో ఆయుధం పేరే ఆ దారి చెబుతుంది. తుపాకి తురుష్కుల మాట. వత్తితో ముట్టించేదాన్ని జామగి తుపాకి అనేవారు, అదీ ఉత్తరాది నుంచి వచ్చిన మాటే.

జామగి తుపాకితో వేట అంటే ఓపిక పరీక్ష. గొట్టంలో కొలిచి మందు పొయ్యాలి. పైన గుడ్డపేలిక కుక్కి గజంతో దట్టించాలి. గుండు జార్చి, అది దొర్లి బయటికి రాకుండా మళ్లీ దట్టించాలి. చెవి దగ్గర చిటికెడు మెత్తని మందు పెట్టి, నిప్పున్న వత్తి ఆరిపోకుండా చూసుకుంటూ కూర్చోవాలి. ఆ వత్తి వాసన పసిగట్టే జంతువు మీద ఇది దాదాపు పనికిరాని ఆయుధం. గాలివాటం చూసుకుని, నీళ్ల దగ్గర గోతిలో దాక్కుని, పది పదిహేను గజాల్లో కొడితేనే ఫలితం. పేలిన తరవాత తెల్లటి పొగ కమ్ముకుని మృగం పడిందో పారిపోయిందో కనిపించేది కాదు. తరవాత వచ్చిన కేపు తుపాకి వత్తిని తీసేసింది గానీ పొగను తీసెయ్యలేదు. పొగలేని మందు 1890లలో వచ్చేదాకా దట్టమైన అడవిలో రెండో దెబ్బ అనేది పేరుకే.

అందుకే పాత వేట తుపాకిది కాదు. వలలు, ఉరులు, గోతులు, దీమపు జంతువులు, వేటకుక్కలు, ఈటెలు, విల్లంబులు దాని సరంజామా. ప్రబంధ కవులకు వేట వర్ణన ఇష్టమైనది కాబట్టి రాజు అడవికి వెళ్లని కావ్యం అరుదు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడి వేట మాత్రం రాజుల వేటకు భిన్నంగా, అడవిలో పుట్టినవాడి వేటగా నడుస్తుంది. దేవుడికి కూడా వేట తప్పలేదు. తిరుమలలో సంక్రాంతి రోజుల్లో పారువేట జరుగుతుంది. అహోబిలంలో అదే పారువేట కనుమతో మొదలై నలభై రోజుల దాకా సాగుతుంది. నరసింహస్వామి పల్లకి నల్లమల అంచు పల్లెలు ముప్పైకి పైగా తిరుగుతుంది. అక్కడ స్వామి చెంచులక్ష్మి మొగుడు, అంటే చెంచుల అల్లుడు. వేట వాళ్ల ఇంటి పని కాబట్టి అల్లుడికీ వచ్చి ఉండాలి.

చెంచుల ఇల్లు నల్లమలే. కృష్ణ కొండల్ని చీల్చుకుని వచ్చే చోటికి అటూ ఇటూ పరుచుకున్న ఈ అడవి పడమటి నుంచి తూర్పుకు దాటేవాళ్లకు ఎప్పుడూ అడ్డే. శ్రీశైలం యాత్రికులు ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా కాలిదారిన నడిచేవారు, దారి కాపలా చెంచులది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి శ్రీశైలాన్ని చూసుకునే ముందుకు సాగాడు. మైదానం దొరలకూ చెంచులకూ మధ్య సంబంధం అన్నివేళలా ఇంత మర్యాదగా లేదు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు వందలాది చెంచుల్ని విందుకని పిలిచి తలలు నరికించాడనీ, ఆ పాపం వెంటాడి అమరావతిలో దేవుడి సేవకు దిగాడనీ గుంటూరు సీమలో కథ ఉంది. నరుకుళ్లపాడు అనే ఊరి పేరును ఆ కథతోనే ముడిపెడతారు.

నల్లమలను డెల్టాకు దగ్గర చేసింది రైలు. 1890ల నాటికి బెజవాడ నుంచి గుంటూరు, వినుకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాలకు, అక్కణ్నుంచి గుంతకల్లుకు మీటరుగేజి దారి పడింది. గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర రైలు అడవిలోకి దూరుతుంది. బొగద సొరంగం, చెలమ స్టేషను దాటుకుని గాజులపల్లె వైపు దిగుతుంది. చెలమ అంటే వాగు ఇసకలో చేత్తో తోడుకునే నీటి గుంట. వేసవిలో జంతువులకూ మనుషులకూ అదే ఆధారం, స్టేషను పేరూ అదే. బండిలో సామాను వేసుకుని రాత్రి ఎక్కినవాడు తెల్లారేసరికి కణితి మేసే కొండ కింద దిగేవాడు. అంతకుముందు ఎడ్లబండి మీద వారం పట్టే దారి అది. అప్పట్నుంచి వేట ఇంగ్లిషు కలెక్టర్ల, పోలీసు దొరల, రైల్వే ఇంజనీర్ల సెలవు సరదాగా మొదలై, ఆ తరవాత మైదానం ఊళ్లలో తుపాకి లైసెన్సున్న భూస్వాములకూ ప్లీడర్లకూ అంటుకుంది.

తుపాకి మైదానానిది, జాడ చెంచుది. కణితి వేట మొత్తం ఈ పొత్తు మీదే నడిచింది. తుపాకి పట్టినవాడి పేరే పుస్తకంలో మిగిలింది గానీ మృగం దగ్గరికి తీసుకెళ్లింది వెనకో ముందో నడిచిన మనిషి.

జాడ చూడడం ఎలాగంటే, కణితి గిట్ట దుప్పి గిట్టకన్నా బాగా పెద్దది, పశువు గిట్టకన్నా సన్నం, కోసు. పోతు అడుగు వెడల్పుగా, ముందువైపు కాస్త మొండిగా పడుతుంది. ఆడదాని అడుగు సన్నగా ఉంటుంది. అడుగు మీద మంచు పడి ఉంటే అది తెల్లారకముందే దాటినట్టు. అడుగులో గడ్డిపరక ఇంకా పైకి లేస్తూ ఉంటే ఇప్పుడే వెళ్లినట్టు. లద్దె గోళీలు మెరుస్తూ తడిగా ఉంటే తాజావి, మీద దుమ్ము చేరితే నిన్నటివి. లేత చెట్టు బెరడు నిలువునా గీసుకుపోయి జిగురు కారుతుంటే పోతు కొమ్ములు రుద్దుకున్న చోటు అది. బురదగుంట అంచున పొర్లిన గుర్తు, దాని పక్క చెట్టుకు నడుం ఎత్తున అంటిన బురద చూసి మృగం ఎత్తు అంచనా వేసేవాళ్లు. ఇదంతా చెంచు నిలబడి ఆలోచించి చెప్పేది కాదు. నడుస్తూనే చూస్తాడు, తుపాకి మనిషి భుజం మీద వేలితో తట్టి ఆపుతాడు.

కొమ్ముల పోతును కొట్టాలంటే కాలం చూసుకోవాలి. దక్కనులో కణితి కొమ్ములు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో రాలిపోతాయి. వానల్లో కొత్తవి మెత్తటి తోలుతో పెరుగుతాయి, నవంబరుకు గట్టిపడతాయి. ఒక్కో కొమ్ముకు మూడేసి కొనలు. కింద నుదుటి మీద ఒకటి, పైన చీలి రెండు. నవంబరు, డిసెంబరు నెలల్లో జతకట్టే కాలం వచ్చినప్పుడు పోతు అరుస్తుంది, ఒళ్లు మరిచి తిరుగుతుంది. మామూలుగా చీకటిలో తప్ప కనిపించనిది అప్పుడు పొద్దెక్కాక కూడా దొరకవచ్చు. అడవి మాత్రం అప్పుడే చిక్కగా ఉంటుంది. నల్లమద్ది, ఏపె, టేకు ఆకులు ఇంకా రాలవు, బోదగడ్డి మనిషెత్తున ఉంటుంది. ఫిబ్రవరి దాటితే చూపు సాగుతుంది గానీ ఎండుటాకులు అప్పడాల్లా చప్పుడు చేస్తాయి. చూపు కావాలా, చప్పుడు లేని నడక కావాలా అనేది వేటగాడు తేల్చుకోవాల్సిన మొదటి లెక్క.

పద్ధతులు మూడు. ఒకటి మంచె. నీళ్ల చెలమ దగ్గరో, ఉప్పుమట్టి నాకే చోటనో చెట్టు మీద మంచె కట్టి రాత్రంతా కాపు కాయడం. రెండోది తోలుడు. లోయకు ఒక మొన నుంచి పల్లెజనం డప్పులు, కేకలతో తోలుకొస్తే, రెండో మొనలో తుపాకులు కాచుకుని ఉంటాయి. నిజాం రాజ్యంలో దీన్నే హాకా అన్నారు. అక్కడి వేటలు మరీ ఆర్భాటం, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు పులుల వేటలో పెద్ద పేరు. మూడోది జాడ పట్టి కాలినడకన వెళ్లడం. చిక్కటి అడవిలో అన్నిటికన్నా కష్టమైనదీ, వేట తెలిసినవాళ్లు గౌరవించినదీ ఇదే. తోలుడులో చచ్చిన కణితిని చూపించి గొప్పలు చెప్పుకున్నవాళ్ల మాట ఎంతవరకు నమ్మాలో వినేవాళ్లకు తెలుసు.

ఈ మూడో పద్ధతికి కావలసిన తుపాకి వేరు. నల్లమలలో కణితి కనిపించేది సాధారణంగా యాభై గజాల లోపే, అదీ కొమ్మల మధ్య నుంచి ఒక భుజమో మెడో మాత్రమే. దూరానికి సూటిగా పోయే తేలిక గుండుకన్నా దగ్గర్లో బరువుగా తగిలే గుండు మేలు. దారిలో వెదురు రెమ్మ తగిలితే తేలిక గుండు పక్కకు తిరిగిపోతుంది, బరువు గుండు తక్కువ తిరుగుతుంది. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చిన .375, వించెస్టర్ .405 ఈ పనికి పేరు పడ్డాయి. చామల లోయ పులి కథను 1954లో పుస్తకంలోకి ఎక్కించిన కెన్నెత్ ఆండర్సన్ నమ్ముకున్నది ఈ .405నే. రెండు గొట్టాల బరువు రైఫిళ్లు దొరలకూ రాజులకూ. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ వంటి దుకాణాలు గడియారాలతో పాటు ఇవీ అమ్మేవి. మిగిలినవాళ్ల చేతిలో ఉన్నది పన్నెండు బోరు. పిట్టలకైతే సన్న గుళ్ల తూటా, కణితికైతే ఎల్‌జీ అనే పెద్ద గుళ్ల తూటా. ఎల్‌జీ నలభై గజాలు దాటితే చెదిరిపోయి చంపకుండా గాయం చేస్తుంది. అలా గాయపడి ఏ లోయలోనో చచ్చి రాబందులకు దొరికినవి, లెక్కకెక్కిన కొమ్ములకన్నా తక్కువేమీ ఉండి ఉండవు.

దెబ్బ తిన్న కణితి వెంట వెంటనే పరిగెత్తకూడదు. వెంటపడితే అది ప్రాణం ఉన్నంతసేపూ కొండ ఎక్కుతుంది, వదిలేస్తే కొంచెం దూరంలో పడుకుంటుంది. అరగంట ఆగి నెత్తురు జాడ చూడాలి. లేత ఎరుపులో నురుగు కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలినట్టు, మృగం దగ్గర్లోనే ఉంటుంది. నల్లెరుపు అయితే కాలేజానికి తగిలింది, ఇంకా ఆగాలి. పచ్చటి మేత కలిసి ఉంటే కడుపుకు తగిలింది, ఆ రోజంతా నడకే. పడ్డాక తల, తోలు తుపాకి యజమానివి. మాంసం తోలినవాళ్లకు, జాడ తీసినవాళ్లకు పంచేవాళ్లు. తలను ఉప్పు పట్టించి మైసూరు వాన్ ఇంజెన్ వాళ్లకు పంపితే గాజుకళ్లతో గోడకెక్కేది. డెల్టాలో పాత మేడల వసారాల్లో, తుపాకి ఎప్పుడో పోయినా, టోపీలు తగిలించుకునే కొక్కేల్లా ఆ కొమ్ములు చాలాకాలం ఉండిపోయాయి.

వేట మీద చట్టం మొదట జంతువు కోసం రాలేదు. 1878 ఆయుధాల చట్టం తుపాకి ఎవరి చేతిలో ఉండాలో తేల్చింది. యూరోపియన్లకు, కొందరు రాజులకు మినహాయింపు, మిగిలినవాళ్లకు లైసెన్సు. సైన్యం వాడే .303 వంటి గుళ్లు జనానికి అందకుండా చూశారు. 1882 మద్రాసు అటవీ చట్టం అడవినే ప్రభుత్వ ఆస్తి చేసింది. దాని కింద రిజర్వు అడవిలో వేటకు పర్మిట్, మూసిన నెలలు, ఆడవాటిని కొట్టరాదన్న నియమం వచ్చాయి. పశువుల్ని మేపినా పుల్లరి కట్టాల్సి వచ్చింది. పల్నాడులో ఆ పుల్లరి మీద తిరగబడిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. కాస్త నిఖార్సైన వేట చట్టం మద్రాసు రాజధానిలో మొదట వచ్చింది నీలగిరిలో, 1879లో. అదీ దొరల సరదాకు కణితులు మిగలాలన్న దిగులుతో. బ్రిటిషు ఇండియా అంతటికీ వర్తించే అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం 1912లో వచ్చింది. ఈ చట్టాలన్నిటికీ మధ్య, విల్లంబులతో బతికే చెంచు తన అడవిలోనే నేరస్థుడయ్యే పరిస్థితి వచ్చింది. నిజాం వైపు అమ్రాబాదులో చెంచుల మధ్య ఉండి హైమెండార్ఫ్ 1943లో అచ్చువేసిన పుస్తకం చూస్తే, వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా దుంపలూ పండ్లే, వేట కాదు. తుపాకి వచ్చాక తరిగిన జంతువుల లెక్క వాళ్ల ఖాతాలో వెయ్యడం కుదరదు.

అసలు దెబ్బ స్వాతంత్ర్యం తరవాత పడింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి, దేవరకోటతో సహా. జమీందారుతో పాటు తోలుడు వేటల ఆర్భాటం పోయింది. దాని స్థానంలోకి జీపు, దాని బ్యాటరీకి కలిపిన పెద్ద లైటు వచ్చాయి. రాత్రి వెలుగు కళ్లలో పడితే కణితి కదలకుండా నిలబడిపోతుంది, రెండు కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. జాడ తియ్యనక్కర్లేదు, గాలి చూడనక్కర్లేదు, మంచె అక్కర్లేదు. ఇషాపూర్ కర్మాగారం చేసిన .315 రైఫిళ్లు, లైసెన్సు లేని నాటు తుపాకులు తోడయ్యాయి. పంట కాపలాకని ఇచ్చిన తుపాకి పంట లేని చోటా పేలింది. రోడ్లు పడుతుంటే, ఆనకట్టల పనులు సాగుతుంటే అడవిలోకి కొత్త జనం వచ్చారు. వేట అనే మాట వాడదగినది అప్పటికి పెద్దగా మిగల్లేదు.

తెలుగు కథలో ఈ మార్పు దొరుకుతుంది. విజయనగరం దివాణాల నేపథ్యంలో పూసపాటి కృష్ణంరాజు ‘దివాణం సేరీవేట’ రాశాడు. రైల్వేలో పనిచేసిన అల్లం శేషగిరిరావు ‘మంచి ముత్యాలు’, ‘అరణ్యఘోష’ సంపుటాల్లో వేటనే పట్టుకున్నాడు. ఆయనకు తుపాకీ అడవీ రెండూ తెలుసు కాబట్టి, వేటగాడి వెంట నడిచే బీదవాడు ఆ కథల్లో పక్కపాత్రగా ఉండిపోడు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఒక్కసారిగా ఆపలేదు. కణితిని మూడో షెడ్యూలులో పెట్టి ‘పెద్ద వేట’గా లైసెన్సుకు వీలుంచింది. ఆ లైసెన్సులన్నిటినీ ఎత్తేసింది 1991 సవరణ. ఇంట్లో ఉన్న కొమ్ములకు, తోళ్లకు కూడా ప్రభుత్వం దగ్గర నమోదు ఉండాలి. అడవిలో రాలిన కొమ్ము ఏరుకోవడం కూడా నేరమే. ఈలోగా నాగార్జునసాగర్ శ్రీశైలం అడవులు 1978లో అభయారణ్యమై, 1983లో పులుల రిజర్వు అయ్యాయి. 3,568 చదరపు కిలోమీటర్లతో దేశంలోనే పెద్దదిగా పేరు పడిన ఆ రిజర్వు 2014లో రాష్ట్రంతో పాటు రెండైంది. కృష్ణకు అవతలిది తెలంగాణలో అమ్రాబాద్ రిజర్వు.

అడవి శాఖ బేస్ క్యాంపుల్లో ఇవాళ కాపలా ఉద్యోగం చేస్తున్నవాళ్లలో చెంచులు ఎక్కువ. పొద్దున్నే వాగు ఇసకలోకి దిగి ముందు పులి అడుగు వెతుకుతారు, తరవాత కణితి అడుగు. పులి ఉండాలంటే దానికి తిండి కావాలి, నల్లమలలో ఆ తిండిలో ముఖ్యమైనవాటిలో కణితి ఒకటి. గిట్ట కొలత, లద్దె తాజాదనం, అరుపు వినిపించిన దిక్కు అన్నీ ఫోనులోకి ఎక్కిస్తారు.